తెరమీది యాటలు: ఆట యేది? జూదమేది?

వీడియో ఆటలను గూర్చి మన పట్టణములలో రెండభిప్రాయములే వినవచ్చుచున్నవి. పెద్దలు వీనిని మొత్తముగా దూషింతురు. పిన్నలు మొత్తముగా ఆరాధింతురు. దూషించువారిలో ఆడి చూచినవారరుదు. ఆరాధించువారిలో ఆలోచించి చూచినవారరుదు. గ్రంథములన్నియు మంచివేయని గాని, అన్నియు చెడ్డవేయని గాని యెవ్వరును అనరు. నాటకములలో, సినిమాలలో మేలైన వేవి, తక్కువైన వేవి యని పఠనమందిరములలో గంటలతరబడి వాదించుకొనుచునే యున్నాము. కోట్లాది జనుల విరామకాలమును, కొందఱి సంపాదనమును గూడ మ్రింగుచున్న యీ క్రొత్త కళవిషయమున మాత్రము విమర్శనము మన భాషలో మిక్కిలి తక్కువ. ఆ కొఱతను కొంతవఱకైనను తీర్పవలెనని మా యుద్దేశము. మేము ఈ యాటలను చిరకాలముగా ఆడుచున్నవారము. ఆడుచున్నందులకు సిగ్గుపడుట లేదు. ఆడుచున్నాము గదా యని వానిని వెనుకవేసికొని వచ్చుటయు లేదు. మేలని తోచినదానిని మేలనియు, కీడని తోచినదానిని కీడనియు నిర్మొగమాటముగా చెప్పెదము.

తీర్పు చెప్పుటకు ముందు తూనికఱాయి యేదియో చెప్పవలెను. జూదము చెడ్డదని మనకు ఒకరు వచ్చి చెప్పనక్కఱలేదు. ధర్మరాజంతవాడు పాచికల యెదుట రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డిన కథ మన పల్లెలలో అక్షరము రానివారికిని తెలిసినదే. అయినను ఆ పాచికలనే, ఆ గవ్వలనే వైకుంఠపాళిలో మన పెద్దలు పిల్లల చేతి కిచ్చిరి. పాము నోట బడినవాడు క్రిందికి జారును. నిచ్చెన దొరికినవాడు పైకి పోవును. ఆట ముగిసిన పిమ్మట ఒకని మొలలోని పైసయు మఱియొకనికి పోదు. కాబట్టి ఆటలో అదృష్టముండుట దోషము కాదు. అదృష్టమునకును డబ్బుసంచికిని ముడివేయుటయే దోషము. ఇందుండి మూడు ప్రశ్నలు పుట్టుచున్నవి. ఓడినవాడు నేర్పు చాలక యోడెనా, రూకలు చాలక యోడెనా? ఆట ముగియవలసినచోట ముగిసి ఆటగానిని ఇంటికి పంపునా, లేక పట్టుకొని కూర్చుండునా? ఆడి లేచిన తరువాత మనస్సులో ఏమి మిగులును? ఈ మూటితోనే మే మాయా యాటలను తూచెదము.

మొదట టెట్రిస్. 1984లో మాస్కోనగరమున సోవియట్ విజ్ఞానపరిషత్తునకు జేరిన గణనకేంద్రములో అలెక్సీ పజిట్నోవ్ అను నుద్యోగి దీనిని కల్పించెను. ఏడు విధముల ముక్కలు పైనుండి పడుచుండును. వానిని త్రిప్పి, పేర్చి, వరుస నిండించినచో ఆ వరుస మాయమగును. కథ లేదు, రాజు లేడు, శత్రువు లేడు. దీనికి గెలుపు లేదు. ఎంతకాలము నిలువగలమన్నదే ప్రశ్న. చేసిన తప్పు కన్నులయెదుట పేరుకొనిపోవును. దాని భారముతోనే ముందునకు సాగవలెను. ఇంత స్వల్పసామగ్రితో ఇంత లోతైన యాట మఱియొకటి మే మెఱుగము. లోకమంతయు దీని నాడినను, సోవియట్ ప్రభుత్వోద్యోగియగుటచేత దానిని కనిపెట్టినవానికి 1996 వఱకును న్యాయమైన ప్రతిఫలము ముట్టలేదు. కళాకారుని కష్టమునకు విలువ లేని చోట్లు సోవియట్ దేశమొక్కటియే కాదని మాత్రము అనదలచితిమి.

అంతకు ముందటివి నాణెపు యంత్రముల యాటలు. జపాను దేశమున 1978లో వెలువడిన స్పేస్ ఇన్వేడర్స్, 1980లో వెలువడిన ప్యాక్‌మ్యాన్ అట్టివి. వీనినిగూర్చి ఒక నిజమును దాచరాదు. ఇవి డబ్బు కొఱకే పుట్టినవి. ఆటగాడు త్వరగా ఓడి మరల నాణెము వేయవలెననియే కఠినముగా కల్పింపబడినవి. కాని అందొక నీతి గలదు. ధనికునకు నొక నాణెమే, పేదకు నొక నాణెమే. నేర్పరి యొక్క నాణెముతో గంటసేపు నిలువగలడు. నేర్పులేని ధనికుడు సంచి కుమ్మరించినను నిమిషములలో ఓడును. నేర్పు సంచిని కాపాడెను. తరువాతి యంత్రములలో ఓడినచోటనే మఱియొక నాణెము వేసి, మొదటికి పోకుండ సాగించు పద్ధతి ప్రవేశించెను. అప్పటినుండి సంచి నేర్పునకు బదులుగా నిలువసాగెను. నేటి కీడునకు విత్తు అక్కడనే పడినదని మా యభిప్రాయము.

1985లో నింటెండో సంస్థ వెలువరించిన సూపర్ మేరియో బ్రదర్స్ ఉపాధ్యాయులందఱును ఒకమాఱు చూడదగినది. దాని మొదటి దృశ్యమున ఒక్క మాటయు చెప్పబడదు. ఎదుటినుండి ఒక చిన్న శత్రువు నడచి వచ్చును, తాకినచో మరణము. రెండవమాఱు ఆటగాడు ఎగురును. ఎగురుట నేర్చుకొనెను! పైన నున్న పెట్టెకు తల తగిలి ఫలము రాలును. పెట్టెలను కొట్టుట నేర్చుకొనెను! ఇది గద్దింపు లేని బోధన. 1990ల దశకమున మన యిండ్లకు ఈ యాట ఎక్కువగా నకలు యంత్రములలోనే వచ్చినది. డబ్బామీద వేలకొలది యాటలని ముద్రింపబడి యుండెడిది; లోపల చూచినచో పట్టుమని పదియే, పేర్లు మార్చి మార్చి వేయబడినవి. అయినను ఆ పదింటిలో మేరియోయు, ఇద్దఱు జతగా ఆడదగిన కాంట్రాయు ఉన్నచో అన్నదమ్ములకు వేసవి సెలవులు ఇట్టే గడచిపోయెడివి. జతవాని ప్రాణమును కాపాడుటకు తాను నిలిచిపోవలెనను ధర్మము కాంట్రాలో మాటలతో కాక చేతులతో నేర్వవలసి వచ్చెడిది.

1989లో వెలువడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియాకు మా లెక్కలో పెద్దపీట. జోర్డన్ మెక్‌నర్ అను నమెరికా యువకుడు తన తమ్ముడు పరుగెత్తుచుండగా, ఎగురుచుండగా చిత్రము తీసి, ఆ కదలికలనే బొమ్మకు ఎక్కించెను. అందుచేత అందలి రాకుమారునకు దేహభార మున్నది. ఎగిరినచో ఒళ్లు గగుర్పొడుచును, పడినచో మన యెముకలు నొచ్చును. ఆటకు కాలపరిమితి అఱువది నిమిషములు. గడువులోపల రాకుమారిని విడిపింపవలెను. అంతటితో ఆట సరి. తన కథ చెప్పి సెలవు పుచ్చుకొను నాట యిది. నేటి యాటలలో ఈ మర్యాద యెంత యరుదో ముందు చెప్పెదము.

కంప్యూటరు శిక్షణకేంద్రములలో పాఠమునకు బదులు పిల్లలు ఆడిన రోడ్‌రాష్ సంగతి యేమి? మోటారుసైకిలుమీద పోవుచు ప్రక్కవానిని కాలితో తన్నుట, గొలుసుతో బాదుట దాని సారాంశము. దీనివలన జ్ఞానము కలుగునని మేము బొంకము. నవ్వు కలుగును, కొన్నిమాఱులు నవ్వొక్కటియే చాలును. ప్రతి వినోదమును నీతిపాఠము కావలెనని కోరుట వినోదమును చంపుటయే. కాని 2002లో వెలువడిన జి.టి.ఎ. వైస్ సిటీ విషయము వేఱు. ఒక నగరమును వీధులతో, పాటలతో, సాయంకాలపు వెలుగుతో నిర్మించిన ఆ శిల్పము నిస్సంశయముగా గొప్పది. అందలి నగరవాసులకు మాత్రము ఎలుకకున్న విలువయు లేదు. వారిని కారుక్రింద వేయుటయే పరిహాసము. అమెరికాలో ఆ యాట డబ్బామీద 17 ఏండ్లు నిండినవారికని గుర్తు వేయబడినది. మన ఇంటర్నెట్టు కేంద్రములలో పదియేండ్ల పిల్లవానిని దానిముందు కూర్చుండబెట్టినప్పుడు ఆ గుర్తును చూచిన వారెవ్వరు? ఆటను నిందించుటకు ముందు మన యశ్రద్ధను నిందించుకొనవలెను.

ఇక రాజ్యముల యాటలు. 1991లో సిడ్ మెయ్యర్ కల్పించిన సివిలైజేషన్ ఆటగాని ఆలోచనను పరీక్షించుటలో చదరంగమునకు దూరపు చుట్టము. నాగలినుండి అంతరిక్షయానము వఱకు మానవచరిత్ర యంతయు ఒక ఫలకముమీద పఱచుకొని యుండును. అందు మహాత్మాగాంధి భారతదేశపు నాయకుడుగా వచ్చి అణుబాంబులు చూపి బెదరించునని ఒక కథ ప్రచారములో నున్నది. లెక్కలోని దోషముచేత మొదటి యాటలో అట్లు జరిగెనని చెప్పుదురు; అది నిజము కాదని మెయ్యరే 2020లో వెలువడిన తన స్మృతిగ్రంథమున వ్రాసెను. 2010లో వెలువడిన యైదవ సివిలైజేషన్‌లో మాత్రము ఆ పరిహాసము బుద్ధిపూర్వకముగానే చేర్పబడినది. దీనికి మేము ఆగ్రహింపము. గాంధి అంతటివాని కీర్తి ఒక పరిహాసముచేత తఱుగదు. కాని మన కథను మనము చెప్పనిచో ఇతరులు తమకు తోచినట్లు చెప్పుదురను సత్య మిందున్నది. 1999లో వెలువడిన రెండవ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మధ్యయుగపు లోకమును చిత్రించిన యాట. వెలువడిననాడు అందు భారతీయులకు చోటే లేదు. 2013లో భారతీయులను నొకే ముద్దగా చేర్చిరి. 2022లో గాని ద్రావిడులు, వంగీయులు, ఘూర్జరులు వేర్వేఱుగా కానరాలేదు. ఆట మాత్రము ఉత్తమమైనదే. నేటికిని విసుగు పుట్టింపదు.

మా మనస్సును మిక్కిలి కలచిన యాట దిస్ వార్ ఆఫ్ మైన్. 2014లో పోలండు దేశస్థులు దీనిని వెలువరించిరి. 1992 మొదలు 1996 వఱకు సాగిన సరయేవో ముట్టడి దీనికి ప్రేరణము. ఇందు మనము సైనికులము కాము. ముట్టడిలో చిక్కిన సామాన్యులము. పగలు కూలిన యింటిలో దాగి, రాత్రి ఆహారముకొఱకు, మందులకొఱకు వెదకవలెను. ఒక యింటిలో వృద్ధదంపతులుందురు. వారియొద్ద ఆహారమున్నది, ఎదిరించు శక్తి లేదు. తీసికొన్నచో మనవారు బ్రతుకుదురు. కాని తెచ్చినవాడు మఱునాడు పశ్చాత్తాపముతో క్రుంగిపోవును. యుద్ధమును వేడుకగా చూపు వందల యాటల నడుమ ఇదొక్కటి యుద్ధపు బరువును మన భుజములమీద పెట్టినది. దీనిని పాఠశాలల పఠనీయముల పట్టికలో చేర్చుచున్నామని 2020లో పోలండు ప్రభుత్వము ప్రకటించెను. ఆటలన్నియు కాలహరణములే యనువారు ఈ యొక్కదానిని చూచి పిమ్మట మాటలాడుదురు గాక.

2016లో వెలువడిన స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ అను యువకుడు నాలుగేండ్లకు పైగా శ్రమించి యొంటరిగా నిర్మించెను. తాత విడిచిన పొలమును సాగుచేయుచు, ఇరుగుపొరుగులతో స్నేహముచేయుచు కాలము గడుపుట ఇందలి యాట. పెద్ద వ్యాపారసంస్థ దుకాణము ఊరి చిల్లరదుకాణమును మ్రింగజూచుట కూడ కథలో నున్నది. చిత్తశాంతికి దీనికి సాటి లేదు. ఒక్క మాట మాత్రము అనక తప్పదు: ఇందు అప్పు లేదు, ఎరువుల కొఱత లేదు, వానలు మొగము చాటేయుట లేదు. అనంతపురపు రైతునకో, పాలమూరు రైతునకో దీనిని చూపినచో నవ్వి, ఇట్టి సేద్యమైనచో మా పిల్లలను పట్నమునకు పంపియుందుమా యని యడుగును.

ఇంతవఱకు చెప్పినవన్నియు, గుణదోషము లెట్లున్నను, ఆటలే. ఇకమీద చెప్పబోవునవి వేఱు జాతివి. 2012లో క్యాండీ క్రష్ సాగా చేతిఫోనులకు వచ్చెను. రంగురంగుల మిఠాయిలను మూడేసి చొప్పున కలుపుట చిన్న వేడుక. అందు దోషము లేదు. కాని ఆటగానికి ఐదు ప్రాణములే యిచ్చి, పోయిన ప్రాణము తిరిగి వచ్చుటకు అరగంట చొప్పున వేచియుండుమనును. వేచియుండలేనివాడు రూకలు చెల్లింపవచ్చును. అదే సంవత్సరమున ఫిన్లండునుండి వచ్చిన క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో కోట పెరుగుటకు గంటలు, పిమ్మట దినములు పట్టును. రత్నములు కొన్నచో క్షణములో లేచును. నిరీక్షణమును తామే సృష్టించి, నిరీక్షణమునుండి విముక్తిని తామే యమ్ముట! దారికి అడ్డముగా గోడ కట్టి, గోడ దాటుటకు సుంకము వసూలుచేయుటకును దీనికిని భేదమేమి? చెల్లింపక యోపికతో ఆడువారు చాలమంది యున్నారు; వారి యోర్పును మెచ్చుకొందుము, ఆ వ్యాపారమును మెచ్చజాలము.

అంతకన్న అపాయకరమైనది అదృష్టపు పెట్టె. లోపల నేమున్నదో తెలియని పెట్టెను రూకలకు అమ్ముదురు. తెఱచినచో ఒకప్పుడు అపురూపమైన వస్త్రమో, మేటి క్రీడాకారుని చిత్రమో వచ్చును. పెక్కుమాఱులు పనికిరానిది వచ్చును. మరల తెఱువ బుద్ధి పుట్టును. బెల్జియము దేశపు జూదనియంత్రణసంఘము 2018లో కొన్ని ప్రసిద్ధమైన యాటలలోని యీ పెట్టెలు జూదమేయని నిర్ణయించెను. ఏ వస్తువు ఎన్నింటి కొకటి వచ్చునో బహిరంగముగా ప్రకటింపవలెనని చైనా దేశము 2017లోనే విధించెను. మన దేశమున ఈ విచారణ మింకను ఊపందుకొనలేదు.

పబ్‌జి చరిత్రను చూడుడు. నూర్గురు ఒక ద్వీపమున దిగుదురు. భద్రమైన వలయము నానాటికి గాక నిమిషనిమిషమునకు కుంచించుకొనిపోవును. తుదకు మిగిలినవాడు విజేత. ఈ కల్పన చక్కనిది. నల్వురు స్నేహితులు కూడి ఆడునప్పటి ఉత్సాహము కబడ్డీబరిలోని ఉత్సాహమునకు తీసిపోదు. దాని చేతిఫోను రూపమును 2020 సెప్టెంబరులో భారతప్రభుత్వము నిషేధించెను. 2021లో బి.జి.ఎం.ఐ. అను పేర మరల వచ్చెను. 2022లో మరల తొలగింపబడెను. 2023లో మరల వచ్చెను. ఈ రాకపోకలన్నిటిలో ప్రభుత్వము విచారించినది దేశభద్రతను, ప్రజల సమాచారమెవరి చేతిలో నున్నదను విషయమును. అది విచారింపదగినదే. కాని ఆ యాటలో పిల్లలకు అమ్మబడు అదృష్టపు పెట్టెలను గూర్చి ప్రశ్న బలముగా వినరాలేదు. దుకాణము యజమాని యెవ్వడని యడిగితిమి. దుకాణములో నేమి యమ్ముచున్నారని యడుగమైతిమి.

సొమ్మొడ్డి యాడు రమ్మీ మొదలగువానిని తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు శాసనముచేసి, సొమ్ము పెట్టి సొమ్ము గెలుచు నాశ చూపు ఇంటర్నెట్టు ఆటలను నిషేధించి, పోటీక్రీడలుగా ఆడదగిన యాటలను వేఱుపఱచినది. ఆటకును జూదమునకును గల భేదమును శాసనము గుర్తించుట శుభసూచకము. ఈ వ్యసనముచేత అప్పులపాలై ప్రాణములు తీసికొన్న యువకుల వార్తలు మన పత్రికలలో ఎన్నిమాఱులు చదివితిమి! కాని అదృష్టపు పెట్టెవాడు, నేను సొమ్మునకు సొమ్మీయను, బొమ్మనే యిచ్చెదనని తప్పించుకొనజూచును. పిల్లవాని దృష్టిలో ఆ బొమ్మయే సొమ్మన్న సంగతి అమ్మువానికి తెలియనిదా? కావున మా కోరిక మూడు విధములు. ఆటలోని ధరలు రత్నములలో గాక రూపాయలలో చూపబడవలెను. పెట్టెలోని వస్తువు ఎన్నింటి కొకటి వచ్చునో తెలుగు మొదలగు దేశభాషలలో కొనుటకు ముందే తెలుపవలెను. మైనరులకు ఆ పెట్టెలను అమ్మనే కూడదు.

నిషేధములతోనే జాతికి ఆటలు పుట్టవు. పూనాలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో రాజీ అను నాటను వెలువరించెను. అసురులు ఎత్తుకొనిపోయిన తమ్మునికొఱకు ఒక బాలిక సాగించు వెదకులాట దాని కథ. రాజస్థానపు కోటలను తలపించు దృశ్యములు, తోలుబొమ్మలాటను పోలిన ఛాయాచిత్రములతో చెప్పిన కథనము కనులపండువుగా నున్నవి. స్వదేశీయము గదా యని దోషములు దాచము: యుద్ధములు త్వరలోనే ఒకే తీరుగా తోచును, కథ ముగియవలసిన తీరున ముగియక తెగినట్లుండును. అయినను దీనిని కొని యాడుట మాకు సంతోషము కలిగించెను. హైదరాబాదున విదేశసంస్థల యాటలకు పనిచేయుచున్న తెలుగు యువకులకు నేర్పు కొఱతపడలేదు; కొఱతపడినది మన కథను నమ్మి పెట్టుబడి పెట్టువారు. తోలుబొమ్మలు, ఓరుగంటి కోట, పల్నాటి వీరులు, కృష్ణాగోదావరుల నావికులు గల జాతికి కథలకు దరిద్రమా? తెలుగున మాటలాడు నాట యెంత వెదకినను అరుదుగా నుండుట మనకు గౌరవము కాదు.

తలిదండ్రులకు ఒక్క మాట. మితిమీరిన ఆటవ్యసనమును ప్రపంచారోగ్యసంస్థ 2019లో వ్యాధుల వర్గీకరణమున చేర్చినది. అట్టి పిల్లవానికి తిట్లు కాదు, వైద్యుని సలహా కావలెను. తక్కినవారికి భయము వలదు. మైనరులు వారమునకు మూడు గంటలే ఆడవలెనని చైనా ప్రభుత్వము 2021లో శాసించెను; ఇంటిలో పెద్దలు చేయవలసిన పనిని పోలీసులకు అప్పగించుట మాకు సమ్మతము కాదు. పిల్లవాని చేతిలోని ఫోనును లాగుకొనుటకు ముందు ప్రక్కన కూర్చుండి, పైని మూడు ప్రశ్నలను వేయుడు. వాని యుత్తరములు మీకంటె ముందు వానికే కన్ను తెఱపించును. మంచి యాట మనుష్యుని ఓడించి, నేర్పి, నవ్వించి ఇంటికి పంపును. చెడ్డయాట వానిని గెలిపించుచున్నట్లే నటించి సంచిని, కాలమును కాజేయును. మొదటిదానికి మన యిండ్లలో పీట వేయుదము. రెండవదానికి తలుపు మూయుదము. ఆ రెంటికిని గల భేదము నెఱుగుటయే నేటి యువకులకు కావలసిన విద్య.